పొరుగింటి కిటికీ

మా తాతగారు కొండపల్లిలో ఇల్లు కట్టించినప్పుడు ఉత్తరపు గోడకు ఒక్క కిటికీ కూడా పెట్టనివ్వలేదు. అటువైపు పక్కింటివారి వంటిల్లు ఉండేది. ఆ ఇంటి స్త్రీలు మసలే చోటికి మన చూపు పోరాదని ఆయన మాట. పక్కింటివారికి మాత్రం దక్షిణపు గోడలో పెద్ద కిటికీ ఉండేది. మాఘమాసం దాటాక సాయంకాలాలలో కృష్ణ మీదుగా వచ్చే చల్లగాలి మా పెరటిని దాటి ఆ కిటికీలోకి పోయేది. వారి గాలికి దారి మా స్థలమే. ఆ సంగతి మాకు ఎన్నడూ తట్టలేదు.

ఆ ఇంటి ఇల్లాలిని మేము ఖాలాజాన్ అని పిలుస్తాము. రక్తసంబంధం లేదు. మా అమ్మీ కాపురానికి వచ్చిన ఏటనే ఆమె కూడా ఆ వీధికి కోడలిగా వచ్చారు. నలభై ఏళ్లు ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలవలె మెలిగారు. అమ్మీ కన్నుమూసిన రోజున మా ఇంట పొయ్యి వెలగలేదు. మూడు రోజులు ఖాలాజాన్ ఇంటి నుండే అన్నం వచ్చింది.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారం, మేము ముగ్గురు అన్నదమ్ములము ఆ పాత ఇంటిని పడగొట్టించాము. రోడ్డు వైపు స్థలం. కింద దుకాణాలు, పైన ఫంక్షన్ హాలు వస్తే ముగ్గురి పిల్లల చదువులకు ఆధారం దొరుకుతుందని ఆశ. హలాల్ సంపాదన, సొంత స్థలం, ఎవరి హక్కూ కాజేయడం లేదు. ఇందులో ఆలోచించవలసినది ఏమున్నదనుకున్నాము. పని మొదలుపెట్టే ముందు ఇమామ్ సాహెబ్ చేత దుఆ చేయించి, వీధి వీధంతా మిఠాయి పంచాము. ఖాలాజాన్ మా తలల మీద చేయి వేసి, మీ అమ్మీ చూడవలసింది అన్నారు.

పాత గోడలు కూలిన రోజున లేచిన దుమ్మును చూసి మేము నవ్వుకున్నాము కూడా. సున్నపు గోడలు, అరవై ఏళ్ల పెంకులు. వీధిలోని పిల్లలకు అది వేడుక. ఆ తరువాత టిప్పర్లు వచ్చాయి. కంకర, రోబో ఇసుక, బూడిద ఇటుకలు దిగాయి. కంకర మిల్లుల ఊరు, కొండల ఊరు మాది. విజయవాడలో లేచే ప్రతి మేడలోనూ మా చుట్టుపక్కల కొండలలోని ముక్క ఒకటి ఉంటుందని పెద్దలు అంటుంటారు. అది గొప్పగా చెప్పుకొనే మాటో, బాధపడే మాటో చెప్పడం కష్టం.

ఆ సంవత్సరం రంజాన్ మార్చి చివరలో మొదలైంది. ఏప్రిల్ 22న ఈద్. షీర్ ఖుర్మా గిన్నెతో ఖాలాజాన్ ఇంటికి వెళ్లాము. నడి వేసవిలో దక్షిణపు కిటికీ మూసి ఉంది. రెక్కల సందులలో వార్తాపత్రిక ముక్కలు మైదా జిగురుతో అంటించి ఉన్నాయి. గుమ్మానికి తడి దుప్పటి వేలాడుతోంది. మంచం పక్కన స్టూలు మీద నెబ్యులైజర్. ఆమె మాట్లాడుతుంటే ప్రతి వాక్యం నడుమ ఛాతీలో పిల్లికూతలు వినబడ్డాయి.

ఆ ఇంటి కోడలు మమ్మల్ని వాకిట్లోకి సాగనంపుతూ, గొంతు తగ్గించి విషయం చెప్పింది. ఖాలాజాన్‌కు చిన్ననాటి నుండి కొద్దిగా ఉబ్బసం ఉన్న మాట నిజమే. ఏడాదికి ఒకటి రెండు మార్లు వచ్చి పోయేది. ఫిబ్రవరి నుండి అది పోవడం మానేసింది. రంజాన్ చివరి పది రోజులు ఆమె ఉపవాసం ఉండలేకపోయారు. పెళ్లయినది మొదలు, కాన్పుల ఏళ్లు తప్పించి, ఒక్క రోజా కూడా వదలని మనిషి. రెండు రాత్రులు ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్లారు. మాతో ఎందుకు చెప్పలేదని అడిగాము. అత్తయ్య వద్దన్నారు భాయ్, అంది. తల్లి లేని పిల్లలు, ఇల్లు కట్టుకుంటున్నారు, శుభమా అని కడుతుంటే మన దగ్గు మాట వారి చెవిన వేయవద్దన్నారు.

ఆ షీర్ ఖుర్మా మా గొంతు దిగలేదు.

అయినా మనసు వెంటనే ఒప్పుకోదు. ఇంటికి వచ్చాక మాలో పెద్దవారు అన్న మాట ఇది: ఈ ఊరిలో దుమ్ము మనతో మొదలైనదా? ఎదురుగా ఇబ్రహీంపట్నంలో పొగగొట్టాలు కనబడుతూనే ఉన్నాయి కదా. డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో పని ప్రారంభించింది. ఒక్కొక్కటిగా చేరి నేడు దాని సామర్థ్యం 2,560 మెగావాట్లు. బొగ్గును మండించే చోట బూడిద తప్పదు. హైదరాబాదు రహదారి, జగదల్‌పూర్ రహదారి రెండూ ఇబ్రహీంపట్నంలోనే కలుస్తాయి. లారీలకు రాత్రీ పగలూ లేదు. కంకర మిల్లులు సరేసరి. ఇన్నింటి మధ్య మా మూడంతస్తుల మేడ ఏపాటిదని ఆయన వాదన. ఆ వాదన మాకందరికీ హాయిగా తోచింది. తోచినందుకే అనుమానించవలసి ఉండెను.

అనుమానించినది మా మేనల్లుడు. విజయవాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు వంటింటి నుండి నాలుగు స్టీలు పళ్లాలు తీసి, పలుచగా కొబ్బరినూనె రాశాడు. ఒకటి ఖాలాజాన్ కిటికీ పైనున్న సన్‌షేడు మీద, ఒకటి మా స్థలానికి దక్షిణపు అంచున, అంటే గాలి వచ్చే వైపున, ఒకటి వీధి చివరి బొమ్మల మేస్త్రి గారి డాబా మీద, ఒకటి మస్జిద్ కప్పు మీద పెట్టాడు. పని జరిగే రోజున ఒకసారి, మేము పని ఆపే శుక్రవారం నాడు ఒకసారి. ఇలా మూడు వారాలు. వాడి తర్కం చిన్నదే: థర్మల్ కేంద్రానికి శుక్రవారం సెలవు లేదు, లారీలకు సెలవు లేదు, మనకు ఒక్కరికే సెలవు. దుమ్ము వారిదైతే రెండు పళ్లాలూ ఒకే తీరుగా ఉండాలి.

ఉండలేదు. పనిరోజు సన్‌షేడు మీది పళ్లెం మసిబారిన అద్దంలాగా వచ్చింది. వేలితో గీస్తే గీత పడింది. శుక్రవారపు పళ్లెంలో అక్కడక్కడ చుక్కలే. దక్షిణపు అంచున పెట్టినది రెండు రోజులూ దాదాపు ఒకటే. అంటే దూరం నుండి వచ్చే దుమ్ము లేదని కాదు. ఉంది, ఆ చుక్కలు అవే. ఆ గీత పడిన పొర మాత్రం మాది.

తరువాత వాడు స్నేహితుని వద్ద నుండి చేతిలో ఇమిడే చిన్న పరికరం ఒకటి తెచ్చాడు. గాలిలోని అతిసూక్ష్మ ధూళిని లెక్కగట్టి అంకె చూపుతుంది. ప్రభుత్వ కేంద్రాలలోని యంత్రాలంత ఖచ్చితం కాదని వాడే హెచ్చరించాడు. కాని అంకె ఎప్పుడు ఎగబాకుతున్నదో, ఎప్పుడు దిగుతున్నదో చూడడానికి అది చాలును. గ్రానైటు, టైల్సు కోసే కట్టర్ మోగిన ప్రతిసారి అంకె ఎగిసింది. సాయంత్రం కూలీలు పొడి నేలను చీపురుతో ఊడ్చినప్పుడు మళ్లీ ఎగిసింది. టిప్పర్ ఇసుక కుమ్మరించినప్పుడు కంటికి పెద్ద మేఘమే కనబడింది గాని, అది పది నిమిషాలలో నేలకు దిగిపోయేది. కట్టర్ ధూళి కంటికి కనబడక, గంట గడిచినా పోయేది కాదు.

ఇందులోని రహస్యం ఆ తరువాత చదివి తెలుసుకున్నాము. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు లోబడిన కణాలను పీఎం 10 అని, 2.5 మైక్రాన్లకు లోబడిన వాటిని పీఎం 2.5 అని అంటారు. పెద్ద కణాన్ని ముక్కు, గొంతు పట్టి ఉంచుతాయి. చిన్నవి ఊపిరితిత్తుల లోతులకు పోతాయి. రాతిని, కాంక్రీటును పొడిగా కోస్తే వెలువడే సిలికా ధూళి మరీ చెడ్డది. ఏళ్ల తరబడి పీల్చిన రాతి పనివారికి సిలికోసిస్ వస్తుంది, వచ్చినది నయం కాదు. మన దేశపు ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10 నూరు మైక్రోగ్రాములకు, పీఎం 2.5 అరవైకి మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు ఇంకా తక్కువ: 45, 15. ఈ చదువంతా చదువుతూ మేము ఖాలాజాన్ గురించే ఆలోచించాము. కట్టర్ పట్టుకొని, ముఖానికి తువాలు చుట్టుకొని రోజంతా కూర్చున్న ఆ కుర్రవాడి గురించి ఆలోచించడానికి మాకు మరో వారం పట్టింది. ఇది కూడా చెప్పుకోవలసినదే.

మరి ప్రభుత్వం ఎవరూ అడగరా? అడుగుతుంది. మావంటివారిని కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. గాలికి ఏమవుతుంది, దుమ్మును ఎలా అదుపు చేస్తారు, వాహనాలు ఎన్ని పెరుగుతాయి అన్నీ అక్కడ లెక్క చెప్పాలి. మా కాంప్లెక్సు అందులో పదో వంతు కూడా లేదు. మావంటివి విజయవాడ నుండి ఇబ్రహీంపట్నం వరకు రహదారి పొడుగునా ఎన్ని లేచాయో ప్రయాణించేవారు చూస్తూనే ఉన్నారు. ఒక్కొక్కటి చిన్నది కనుక ఏ ఒక్కదానికీ అంచనా లేదు. అన్నీ కలిస్తే పెద్దదే, కాని కలిపి చూసేవారు లేరు. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో విజయవాడ కూడా ఉంది.

చిన్న నిర్మాణాలను తాకే నియమాలు లేకపోలేదు. ధూళి హద్దు మీరిన నగరాల కోసం 2018 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కొన్ని ప్రకటించింది. ఇసుక, మట్టి కప్పకుండా ఉంచరాదు, మోసే బండి మీద పట్టా ఉండాలి, నీళ్లు చల్లాలి, ఆరుబయట కోయడం, అరగదీయడం కూడదు, తీసుకున్న జాగ్రత్తలను అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి. మా స్థలంలో బోర్డు ఉంది. దాని మీద కట్టబోయే హాలు రంగుల బొమ్మ, అద్దెకు సంప్రదించవలసిన ఫోను నంబరు ఉన్నాయి.

జుమా తరువాత ఇమామ్ సాహెబ్‌కు ఈ సంగతంతా విన్నవించుకున్నాము. పొరుగువారి హక్కు గురించి ప్రవక్త ముహమ్మద్ (స) చేసిన హెచ్చరికలు మేము చిన్ననాటి నుండి వింటున్నవే. పచ్చి వెల్లుల్లి తిన్న నోటితో మస్జిదుకు రావద్దని ఆయన వారించడమూ తెలుసు. తోటివారు పీల్చే గాలికి అంతటి మన్నన. ఇమామ్ సాహెబ్ మాకు తెలియనిది ఒకటి చెప్పారు. ఉస్మానియా ప్రభుత్వం 1869, 1876 సంవత్సరాల మధ్య హనఫీ ఫిఖ్హ్‌ను సూత్రాలుగా కూర్చి మజల్ల అనే న్యాయసంహితను వెలువరించింది. అందులో పొరుగువారికి కలిగే తీవ్రమైన హానికి ఇచ్చిన ఉదాహరణలలో కొలిమి ఉంది, పొగ వచ్చే బట్టీ ఉంది, పక్కనే వేసిన కళ్లపు దుమ్ము కూడా ఉంది. ఆ దుమ్ము వలన ఇంటివాడు నివసించలేని స్థితి వస్తే, కళ్లం యజమాని ఆ హానిని తొలగించి తీరాలి. స్థలం నాది అన్న జవాబు అక్కడ చెల్లదు.

అదే సంహిత మరొకటి కూడా చెబుతుందని ఆయన నవ్వుతూ అన్నారు. ఎత్తుగా కట్టుకొని పొరుగువాని చల్లగాలిని, చూపును అడ్డగిస్తే అది తీవ్రమైన హానిగా లెక్కకు రాదు. గదికి వెలుగే లేకుండా చేస్తే వస్తుంది. కనుక మీరు ఆమె పైరగాలిని ఆపినందుకు ఖాజీ మిమ్మల్ని శిక్షించడు అన్నారు. ఆ వెసులుబాటు మాకేమీ ఊరట కలిగించలేదు. తీర్పుకు లోబడనిదంతా ఖాలాజాన్ క్షమించవలసిన పద్దులోకి వస్తుంది.

తరువాత చేసిన పనులలో గొప్పవేవీ లేవు. నీళ్లు ధారగా పడే కట్టర్ తెప్పించాము. కోత పనిని దక్షిణ అంచుకు మార్చి, మూడు వైపులా రేకులు, పైన తడి గోనెపట్టాలు కట్టించాము. ఉత్తరం వైపు పరంజా నిండుగా గ్రీన్ నెట్ దింపాము. మేస్త్రి మొదట గొణిగాడు. తడి కోతలో పని నెమ్మదిస్తుంది, బురద అవుతుంది, కూలి పెరుగుతుంది అన్నాడు. ముగ్గురికీ పెరిగింది. ఊడ్చే ముందు నీళ్లు చల్లడం అన్నది మాత్రం అతనికి మేము ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. చివరకు ఆ చీపురును మాలో చిన్నవాడు రోజూ సాయంత్రం తాళంవేసి దాచేవాడు. వృథా అవుతున్న నీటిని చూసి మనసు చివుక్కుమనేది. వుజూ చేసేటప్పుడు కూడా నీటిని దుబారా చేయరాదని నేర్చిన ఇంటివారము. క్యూరింగ్ నుండి కారే నీటినే తొట్టిలో పట్టి చల్లడానికి వాడాము.

వీధి చివరి బొమ్మల మేస్త్రి గారిని బాబాయి గారని పిలుస్తాము. ఆ రోజులలోనే ఒక సాయంత్రం ఆయన అంబారీ ఏనుగు బొమ్మను తెచ్చి మా చేతిలో పెట్టి, నిమిరి చూడండి అన్నారు. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలు అతికి, అరగదీసి, పైన రంగు వేస్తారు. ఆ రంగు తడిగా ఉన్నప్పుడు పడిన మా దుమ్ము ఏనుగు వీపు మీద గరుకు కాగితంలా అంటుకొని ఉంది. అవి రెండు గంపలు పోయాయట. ధర ఇస్తామంటే ఆయన పుచ్చుకోలేదు. ఇకమీదట కట్టర్ వేసే ముందు ఒక మాట చెబితే చాలు, ఆ పూట రంగు వేయను అన్నారు. ఆ ఏనుగు ఇప్పుడు మా హాలు ఆఫీసు గదిలో ఉంది. వచ్చినవారు దానిని చూసి, పాతదా అని అడుగుతారు.

కట్టడం పూర్తయితే దుమ్ము పోతుంది, కథ ముగుస్తుందనుకున్నాము. ఇక్కడే మా లెక్క మళ్లీ తప్పింది. కట్టుబడి ఏడాదిన్నర పాటు. వ్యాపారం ఉన్నన్నాళ్లు ఉంటుంది. 100 కేవీఏ డీజిల్ జనరేటరును పెరటిలో పెట్టి, పొగగొట్టాన్ని మనిషి ఎత్తున ఉత్తరపు సందులోకి వదిలారు. అది మాకు చెప్పే చేశారు, మేమే చూసుకోలేదు. మొదటి పెళ్లి రాత్రి కరెంటు పోగా, అది రెండు గంటలు మోగింది. మరునాడు ఖాలాజాన్ కోడలు ఫోను చేసింది. పొగగొట్టం భవనం ఎత్తును దాటి, ఆ పైన మరికొంత ఉండాలని, ఆ కొంత ఎంతో కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే వస్తుందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం. 100కు వర్గమూలం 10. అంటే మేడ మీద ఇంకా రెండు మీటర్లు. ఆ గొట్టాన్ని మూడంతస్తులు ఎక్కించడానికి అయిన ఖర్చుతో మా మధ్య పది రోజులు మాటలు లేవు. అంత పొడవు గొట్టం ఇంజనుకు భారమని కొందరు బెదిరించారు. వ్యాసం పెంచి వేస్తే సరిపోయింది.

వలీమా విందుల దేగ్‌ల సంగతి మరొకటి. కట్టెల పొయ్యి మీద తప్ప బిర్యానీకి దమ్ము కుదరదని బావర్చీ గట్టిగా చెప్పాడు. గ్యాసుకు మార్చాక మొదటి పెళ్లిలో పెద్దలు ఒకరిద్దరు ముఖం చిట్లించారు. మూడో పెళ్లి నాటికి ఎవరూ ఏమీ అనలేదు. బావర్చీ మాత్రం ఇప్పటికీ అంటాడు. విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు పెరటిలో తగలబెట్టే అలవాటును మాన్పించడం వీటన్నిటికంటే కష్టమైనది. రాత్రి ఒంటిగంటకు, యజమానులు నిద్రపోయాక వెలిగే మంట అది. ఇప్పటికీ పూర్తిగా ఆగిందని ప్రమాణం చేయలేము.

నిరుడు రంజాన్‌కు ముందు, షాబాన్ నెలలో, ముగ్గురమూ కలిసి ఖాలాజాన్ వద్దకు వెళ్లి మాఫీ అడిగాము. ఆమె కిటికీ తెరిచే ఉంది. గాలి రావడం లేదు. మా గోడ అడ్డం. గ్రీన్ నెట్ తీసినప్పటి నుండి ఉబ్బసం కొంత నిమ్మళించింది, కాని ఇన్‌హేలర్ లేకుండా మెట్లెక్కలేరు. వదిలిన రోజాలు చలికాలంలో ఖజా చేసుకున్నానని, రెండు మిగిలాయని వేళ్లు లెక్కబెట్టి చెప్పారు. మాఫీ మాటకు వెంటనే జవాబివ్వలేదు. పాన్‌దాన్ మూత పెట్టి, అమ్మీ గొంతులాంటి గొంతుతోనే అన్నారు:

"మాఫ్ చేశాను బేటా. కాని మీ ఇంజను ఇంకా మోగుతూనే ఉన్నది కదా. రోజూ అడుగుతారా?"

జనరేటరు సగం భారాన్ని తగ్గించేలా పైకప్పు మీద సౌర పలకలు, బ్యాటరీలు పెట్టడానికి అంచనా వేయించాము. ధర విని మాలో పెద్దవారు ఇంకా సంతకం చేయలేదు. అద్దె ఒప్పందాలు ముగిసే వరకు ఆగుదామంటున్నారు. మిగిలిన ఇద్దరము ఆగవద్దంటున్నాము.

ఈ మధ్యనే మా ఎదుటి స్థలంలో పునాదులు తీశారు. అది కూడా కాంప్లెక్సే. యజమాని మాకంటే చిన్నవాడు, పరిచయస్తుడు. ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత రెండు స్టీలు పళ్లాలు, కొబ్బరినూనె సీసా పట్టుకొని అతని వద్దకు వెళ్లాము. అతను మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నాడు. ఆ తరువాత అడిగాడు: "మీరు కట్టేటప్పుడు మీ దగ్గరకు ఎవరైనా ఇలా వచ్చి చెప్పారా, అన్నా?"

లేదన్నాము. పళ్లాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటి తన దగ్గరే ఉంచుకొని, రెండవది మాకే తిరిగి ఇచ్చాడు. మేము దానిని ఖాలాజాన్ సన్‌షేడు మీద పెట్టాము. అతని పనికి సెలవు ఆదివారమట.